రోడ్డు గుత్తకు పోయింది, భూమి ఇచ్చినోళ్ల వాటా ఎక్కడ?

(సిద్దిపేట జిల్లా నారాయణరావుపేట మండలం ఇబ్రహీంపూర్‌లో రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పనులు విడిచిపెట్టి వచ్చినోళ్లు ఉన్నారు, ఎక్కువసేపు కూర్చోబెట్టం. ఈసారి మేం మాట్లాడదలచుకున్నది యూరియా గురించి కాదు, కాంటా కాడ తరుగు గురించి కాదు. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు గురించి. మీటింగు మొదలు కాకముందు చాయ్ తాగుతుంటే ఇద్దరు ముగ్గురు అడిగారు, ఆ రోడ్డుకూ మన ఇబ్రహీంపూర్‌కూ ఏం సంబంధమని. అడగాల్సిన మాటే అడిగారు. అక్కడి నుంచే మొదలు పెడదాం.

మన దగ్గర పండిన పండు, కాయ పట్నం పోవాలంటే రాజీవ్ రహదారి ఎక్కాలి. దుద్దెడ టోల్ గేటు దాటాలి. శామీర్‌పేట దాకా పోతే ఔటర్ వస్తుంది. గడ్డిఅన్నారంలో ఉన్న పండ్ల మార్కెట్‌ను బాటసింగారం తరలించారు కదా, ఇప్పుడు మామిడి, పుచ్చకాయ లోడు పోవాలంటే శామీర్‌పేట కాడ ఔటర్ ఎక్కి పెద్ద అంబర్‌పేట వైపు దిగాల్సిందే. కొందరు అంటారు, రైతుకు టోల్ ఎక్కడిది, జాతీయ రహదారుల మీద ట్రాక్టర్‌కు టోల్ లేదు కదా అని. లోడు వేసుకొని ట్రాక్టర్ మీద బాటసింగారం ఎవరు పోతారు? డీసీఎం మాట్లాడుకుంటాం, కాకపోతే చిన్న గూడ్స్ బండి. ఆ బండాయన టోల్‌ను తన జేబులోంచి కట్టడు. కిరాయిలో కలుపుతాడు. కిరాయి పట్టీలో కొట్టేస్తారు. చివరికి మన చేతికి వచ్చే పైసల్లోంచే అది పోతుంది. రసీదు మాత్రం మన పేరు మీద ఉండదు, అందుకే టోల్ గురించి మాట్లాడేటప్పుడు మనం లెక్కలోకి రాం.

ఇప్పుడు ఆ రోడ్డు సంగతి. 158 కిలోమీటర్ల పొడవు, ఎనిమిది వరుసలు. దాన్ని కట్టడానికి, నడపడానికి 2005లో హైదరాబాద్ గ్రోత్ కారిడార్ లిమిటెడ్ అని ప్రభుత్వ సంస్థను పెట్టారు. అందరూ హెచ్‌జీసీఎల్ అంటారు. హెచ్‌ఎండీఏ కింద పని చేసే సంస్థ. గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా మొదటి ముక్క 2008లో తెరిచారు, కండ్లకోయ కాడ ఆఖరి ముక్క 2018లో పూర్తయింది. భూమి ఎవరిది? శంషాబాద్, కీసర, ఘట్‌కేసర్, పటాన్‌చెరు చుట్టుపక్కల రైతులది. బ్రిటిషోళ్ల కాలంనాటి 1894 చట్టం కింద తీసుకున్నారు. పైసలు ఎవరివి? జనం పన్నులు, జపాన్ సంస్థ జైకా ఇచ్చిన అప్పు. ఆ అప్పు కూడా జనం మీదనే. కట్టింది ప్రభుత్వం, నడిపింది ప్రభుత్వం, టోల్ పైసలు వచ్చింది ప్రభుత్వ సంస్థకు.

2022 చివర్లో దానికి టెండర్ పిలిచారు. టీవోటీ పద్ధతి అన్నారు, అంటే టోల్, ఆపరేట్, ట్రాన్స్‌ఫర్. కంపెనీ ముందే ఒక్కసారి పెద్ద మొత్తం కడుతుంది, 30 ఏండ్లు టోల్ వసూలు చేసుకుంటుంది, రోడ్డు చూసుకుంటుంది, గడువు అయిపోయాక తిరిగి అప్పగిస్తుంది. చివరికి నాలుగు కంపెనీలు ధర వేశాయి. ఐఆర్‌బీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ అన్నిటికన్నా ఎక్కువ, 7,380 కోట్లు వేసింది. 2023 ఏప్రిల్‌లో ఖరారు లేఖ ఇచ్చారు. అదే ఏడాది ఆగస్టు 12 నుంచి ఆ కంపెనీ పెట్టిన ఐఆర్‌బీ గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌వే వసూళ్లు మొదలు పెట్టింది. అంటే 2053 దాకా. ఇక్కడ ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు అప్పటికి నలభై ఏండ్లు దాటుతాయి.

అమ్మలేదు కదా, యాజమాన్యం ప్రభుత్వానిదే కదా అని అధికారులు చెబుతారు. నిజమే, పట్టా మారలేదు. కౌలు సంగతి తెలిసినోళ్లం మనం, ఈ మాట మనకు విడమరచి చెప్పాల్సిన పని లేదు. భూమి ఏడాది కౌలుకు ఇస్తాం, పంట మంచిగైతే పై ఏడాది కౌలు పెంచుతాం, కౌలుదారు సరిగ్గా చేయకపోతే మారుస్తాం. ముప్పై ఏండ్ల కౌలు ఒక్క రోజే గుత్తగా చేతిలో పోయించుకున్న రైతు మీకు ఎవరైనా తెలుసా? అట్లా ఇచ్చేవాడు ఎప్పుడు ఇస్తాడు? బిడ్డ పెండ్లి ముందరనో, దవాఖానలో బిల్లు కట్టాల్సి వచ్చినప్పుడో. అవసరం మీద పడ్డప్పుడు. పట్టా పాస్‌బుక్కు మన పేరు మీదనే ఉంటుంది, పంట మాత్రం ముప్పై ఏండ్లు మన ఇంటికి రాదు.

ఇక్కడ ఒక్క మాట మన కార్యకర్తలకు కూడా చెప్పాలి. మన మీటింగుల్లో ఒక లెక్క తిరుగుతుంది. 7,380 కోట్లను 30 ఏండ్లకు పంచితే ఏడాదికి 246 కోట్లు, రోజుకు 67 లక్షలు. రోడ్డు మీద వసూలయ్యేదేమో నెలకు 60 కోట్లకు అటూ ఇటూ. కాబట్టి పదేండ్లలో పైసలు తిరిగి వస్తాయి, మిగతా ఇరవై ఏండ్లు వట్టి లాభమే అని. ఈ లెక్క సగమే నిజం. ఈ రోజు చేతిలో ఉన్న లక్షా, పదేండ్ల తర్వాత వచ్చే లక్షా ఒకటి కాదు. మన అప్పు మీద వడ్డీ నడిచినట్టే వాళ్ల పైసల మీదా వడ్డీ నడుస్తుంది. నూటికి తొమ్మిది చొప్పున వేసుకున్నా 7,380 కోట్లకు ఏడాది వడ్డీయే 660 కోట్లు దాటుతుంది. మొదటి ఏండ్లలో వసూళ్లు ఎక్కువ భాగం వడ్డీకే పోతాయి, రోడ్డు ఖర్చు వేరే. తెలిసినోడెవడైనా లేచి ఈ సంగతి అడిగితే మన కార్యకర్త నోరు తెరవలేడు. కాబట్టి ఆ లెక్క చెప్పడం మానేయండి.

అసలు ప్రశ్న వేరు. ఔటర్ పక్కన ప్రతి ఏడూ కొత్త కాలనీలు, గోదాములు, కంపెనీలు వస్తున్నాయి. బండ్లు పెరుగుతాయి. ఆ పెరుగుదల దేనివల్ల వచ్చింది? జనం పైసలతో కట్టిన రోడ్డువల్ల, రైతులు ఇచ్చిన భూమివల్ల. పదిహేనో ఏడు, ఇరవయ్యో ఏడు, ఇరవై అయిదో ఏడు వచ్చేసరికి ఆ రోడ్డు బంగారు బాతు అవుతుందని తెలిసే కంపెనీ ధర వేసింది. దాని వ్యాపారం అది, తప్పు పట్టలేం. కానీ ఆ ఏండ్ల రాబడిని 2023లో ఉన్న ప్రభుత్వం ముందే తీసుకొని ఖర్చు పెట్టేసింది. 2053 లోపు ఎన్ని ఎన్నికలు వస్తాయో, ఎన్ని ప్రభుత్వాలు మారతాయో లెక్క పెట్టుకోండి. వాటిలో ఒక్కదానికి కూడా ఆ రోడ్డు మీద టోల్ రాబడి లేదు. అప్పు తీసుకోవాలన్నా కంపెనీ కన్నా ప్రభుత్వానికే తక్కువ వడ్డీకి దొరుకుతుంది. ఆ వడ్డీ తేడా కూడా మనమే మోస్తున్నాం.

ధర సరైందేనా కాదా అన్న దాని మీద నడిచిన రాజకీయం మీకు తెలుసు. అప్పట్లో పీసీసీ అధ్యక్షుడుగా ఉన్న రేవంత్ రెడ్డి గారు పెద్ద అవినీతి జరిగిందని ఆరోపించారు, హెచ్‌ఎండీఏ ఆయనకు లీగల్ నోటీసు పంపింది. అప్పుడు మన పక్క దుబ్బాక ఎమ్మెల్యేగా ఉన్న రఘునందన్ రావు గారు కూడా ప్రశ్నలు లేవనెత్తారు. ముఖ్యమంత్రి అయ్యాక రేవంత్ రెడ్డి గారు 2024 ఫిబ్రవరిలో విచారణకు ఆదేశించారు, అదే ఏడాది డిసెంబరులో అసెంబ్లీలో సిట్ వేస్తామన్నారు. మన సిద్దిపేట ఎమ్మెల్యే హరీశ్ రావు గారు టెండర్ రద్దు చేయకుండా విచారణ ఏమిటని అడిగారు. ఎవరిది తప్పో విచారణలు, కోర్టులు తేల్చాలి. మేం ఒక్కటే అంటాం. రేటు తక్కువనా ఎక్కువనా అనే దగ్గరే రెండు పార్టీలూ ఆగిపోయాయి. గుత్తకు ఇవ్వొచ్చా అని గానీ, ఇస్తే భూమి ఇచ్చినోళ్ల సంగతేమిటని గానీ ఎవరూ అడగలేదు.

ఇప్పుడు మనకు ఇబ్బందిగా ఉండే మాట ఒకటి చెప్పాలి. దాటేస్తే నిజాయితీ కాదు.

2023 ఆగస్టు 2న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ గారు రుణమాఫీ మళ్లీ మొదలు పెడుతున్నామని ప్రకటించారు. 12వ తేదీన రోడ్డు కంపెనీ చేతికి పోయింది. 14వ తేదీన 99,999 రూపాయల లోపు పంట రుణాల మాఫీకి 5,809 కోట్లు విడుదల చేశారు. తొమ్మిది లక్షల మంది రైతులకు అన్నారు. రెండు రోజుల తేడా. ఈ పైసలే ఆ పైసలని మేం రాసి ఇవ్వడం లేదు, ఖజానాలో పడ్డ రూపాయి మీద పేరు ఉండదు. కానీ ఆ నెలలో ఖజానాకు ఇంత పెద్ద మొత్తం ఏ దారిన వచ్చిందో చిన్న పిల్లోడికి కూడా తెలుసు. ఈ గుంపులో ఆ మాఫీ అందినోళ్లు ఉన్నారు. మేం కూడా సంతోషించాం.

మాఫీ దానం కాదు. 2018 ఎన్నికల్లో ఇచ్చిన మాట, నాలుగున్నర ఏండ్లు నానబెట్టిన మాట. ఆ లోపల వడ్డీలు పెరిగి బ్యాంకుల్లో ఖాతాలు మొండి బకాయిలైనోళ్లు ఎందరో. మాట ఇచ్చిన ప్రభుత్వం ఏటా బడ్జెట్‌లోంచి ఇచ్చి ఉంటే ఈ గతి రాదు. ఎన్నికలు నాలుగు నెలలు ఉండగా పైసలు కావాల్సి వచ్చింది, ఆస్తి గుత్తకు పోయింది. ఎడ్లను అమ్మి విత్తనాలు కొన్నట్టు. మాఫీ ఒక్కసారే వచ్చింది. టోల్ ముప్పై ఏండ్లు కడతాం, కిరాయిలో కలిపి, తెలియకుండా. ఇక ముందు ఏ ప్రభుత్వమైనా రైతు పేరు చెప్పి జనం ఆస్తిని గుత్తకు ఇస్తానంటే, రైతు సంఘం చప్పట్లు కొట్టొద్దు. ఈ మాట మేం గట్టిగా చెప్పదలచుకున్నాం, మన సంఘంలో కొందరికి నచ్చకపోయినా సరే.

టోల్ పెరిగే తీరు చూడండి. జాతీయ రహదారుల 2008 నిబంధనల ప్రకారం పెంచుతున్నామని చెబుతున్నారు. ఏటా 3 శాతం తప్పనిసరి. దాని మీద టోకు ధరల సూచీ ఎంత పెరిగితే అందులో 40 శాతం. ఏప్రిల్ ఒకటో తేదీ వచ్చిందంటే ఎవరూ ధర్నా చేయకుండానే, ఎవరూ వినతిపత్రం ఇవ్వకుండానే రేటు పెరుగుతుంది. 2025 ఏప్రిల్‌లో ఔటర్ మీద కారుకు కిలోమీటరుకు 2 రూపాయల 34 పైసలు ఉన్నది 2 రూపాయల 44 పైసలు అయింది. చిన్న సరుకు బండికి 3 రూపాయల 77 పైసలు ఉన్నది 3 రూపాయల 94 పైసలు అయింది. నూటికి నాలుగు పైన. శామీర్‌పేట నుంచి పెద్ద అంబర్‌పేట ముప్పై అయిదు కిలోమీటర్లు అనుకుంటే ఒక్క వైపుకు 138 రూపాయలు. రానూ పోనూ కలిపితే మీరే లెక్క వేసుకోండి.

అదే ఏడాది మన సాధారణ రకం వడ్లకు మద్దతు ధర 2,300 నుంచి 2,369 అయింది. క్వింటాల్‌కు 69 రూపాయలు. సరిగ్గా 3 శాతం. అది కూడా కేంద్రం దయ తలిస్తే. దానికి చట్టం లేదు, ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాది కూర్చున్నా చట్టం రాలేదు. రోడ్డు కంపెనీ రాబడికి సూచీ కట్టి, ఒప్పందంలో రాసి, సంతకం చేసి ఇచ్చారు. ధరలు పెరిగితే నష్టపోకుండా కంపెనీకి రక్ష ఉంది. డీజిల్ పెరిగితే, కూలి రేట్లు పెరిగితే, ఎరువు బస్తా పెరిగితే మనకేది రక్ష?

ప్రభుత్వం చేతిలో ఉన్నప్పుడు టోల్ లేదా అని అడగొచ్చు. ఉంది. ఏజెన్సీలకు ఇచ్చి వసూలు చేయించేవాళ్లు, రేట్లూ పెంచేవాళ్లు. ప్రభుత్వ సంస్థ బంగారమని మేం చెప్పడం లేదు. కానీ అప్పుడు కరువు ఏడాదిలోనో, మార్కెట్ పడిపోయినప్పుడో కూరగాయల బండ్లకు టోల్ తీసేయాలని అడగడానికి ఒక తలుపు ఉండేది. మంత్రి ఒప్పుకుంటే జీవో వచ్చేది. ఇప్పుడు ఆ తలుపు లేదు. ఇలాంటి ఒప్పందాల్లో ప్రభుత్వం రాయితీ ఇవ్వాలంటే ఆ పైసలు కంపెనీకి కట్టివ్వాలి. పోటీగా పక్కన ఇంకో రోడ్డు వేయడం మీద కూడా షరతులు ఉండటం మామూలే. రేపు వచ్చే ప్రాంతీయ రింగ్ రోడ్డు ఆ షరతుల కిందికి వస్తుందా రాదా? ఒప్పందం తెలుగులో అచ్చు వేసి జనం ముందు పెడితే తెలుస్తుంది.

ఇటలీ దేశంలో అటోస్ట్రేడ్ అని ప్రభుత్వ రహదారుల సంస్థ ఉండేది. 1999లో దాన్ని ప్రైవేటుకు ఇచ్చారు, బెనెటన్ అనే బట్టల వ్యాపారి కుటుంబం చేతికి పోయింది. 2018 ఆగస్టు 14న జెనోవా పట్టణంలో ఆ సంస్థ చూసుకునే మొరాండి వంతెన వానలో కూలిపోయింది. 43 మంది చనిపోయారు. వంతెన మరమ్మతు సరిగ్గా చేశారా లేదా అని దేశమంతా గగ్గోలు. లైసెన్సు రద్దు చేస్తామన్నది ప్రభుత్వం. చేయలేకపోయింది, ఒప్పందం అట్లా ఉంది. చివరికి 2022లో ప్రభుత్వ బ్యాంకు ముందుండి దాదాపు 800 కోట్ల యూరోలు పోసి ఆ సంస్థలో 88 శాతం వాటాను వెనక్కి కొన్నారు. ఇచ్చేటప్పుడు సులువు, తిరిగి తీసుకునేటప్పుడు కొనాలి.

మన దగ్గర ఇది ఒక్క ఔటర్‌తో ఆగేది కాదు. కేంద్రం 2018లోనే ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలో తొమ్మిది రోడ్లు, సుమారు 680 కిలోమీటర్లు, ఇదే పద్ధతిలో మాక్వారీ అనే విదేశీ సంస్థకు 9,681 కోట్లకు ఇచ్చింది. 2021లో జాతీయ నగదీకరణ జాబితా ప్రకటించింది, నాలుగేండ్లలో 6 లక్షల కోట్లు రాబట్టాలని. అందులో అన్నిటికన్నా పెద్ద భాగం రోడ్లదే, లక్షా 60 వేల కోట్లు. నగదు అంటే గుర్తొచ్చింది. 2016లో నోట్ల రద్దు అయ్యాక మన ఇబ్రహీంపూర్‌ను నగదు రహిత గ్రామం అని పేపర్లన్నీ రాశాయి, ఇంటింటికీ కార్డులు ఇచ్చారు. ఇప్పుడు ఫాస్టాగ్ వచ్చాక టోల్ గేటు కాడ బండి ఆగే పని లేదు, పైసలు కట్ అయినట్టు ఫోన్‌లో చప్పుడు వస్తుంది, అంతే. చేతిలోంచి నోటు ఇచ్చేటప్పుడు కనీసం మనసు కలుక్కుమనేది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. ప్రాంతీయ రింగ్ రోడ్డు ఉత్తర భాగం, సంగారెడ్డి నుంచి తూప్రాన్, గజ్వేల్ మీదుగా చౌటుప్పల్ దాకా. మన జిల్లాలో గజ్వేల్, వర్గల్, జగదేవ్‌పూర్ వైపు పోతుంది. మన ఊరి భూమి పోదు. కానీ ఆ ఊర్లలో మన బిడ్డలను ఇచ్చినం, వియ్యంకులు ఉన్నారు. మల్లన్నసాగర్ కింద ఏటిగడ్డ కిష్టాపూర్, వేములఘాట్ ఊర్లు ఎట్లా పోయాయో ఈ జిల్లాలో మనకు ఎవరూ చెప్పనక్కర లేదు. అప్పుడు నీళ్లు వస్తాయన్నారు, వచ్చినకాడికి వచ్చాయి. ఇప్పుడు రోడ్డుకు భూమి ఇమ్మంటున్నారు, ప్రజా ప్రయోజనం అంటున్నారు.

2013 భూసేకరణ చట్టం రాసినప్పుడు అందులో ఒక మంచి మాట పెట్టారు. ప్రభుత్వమూ ప్రైవేటూ కలిసి చేసే ప్రాజెక్టు అయితే భూమి పోయే కుటుంబాల్లో 70 శాతం మంది ఒప్పుకోవాలి, పూర్తిగా ప్రైవేటు అయితే 80 శాతం. తర్వాత రాష్ట్రాలు సవరణలు తెచ్చి దాన్ని వదులు చేసుకున్నాయి, మన రాష్ట్రంతో సహా. జాతీయ రహదారులకు భూమి తీసుకునేది వేరే చట్టం కింద, అక్కడ ఒప్పుకోలు అడిగే పనే లేదు. నష్టపరిహారం మాత్రం 2013 చట్టం లెక్కన ఇస్తారు. ఇప్పుడు దారి చూడండి. ముందు ప్రభుత్వం తన పేరు మీద, ప్రజా ప్రయోజనం అని, ఎవరి ఒప్పుకోలూ లేకుండా భూమి తీసుకుంటుంది. జనం పైసలతో రోడ్డు వేస్తుంది. నాలుగైదేండ్లు నడిపి, బండ్లు ఎన్ని పోతున్నాయో లెక్క తేలాక, కంపెనీకి గుత్తకు ఇస్తుంది. మొదటి రోజే కంపెనీ కోసం అని చెప్పి ఉంటే 70 శాతం, 80 శాతం అడగాల్సి వచ్చేది. వెనక నుంచి ఇస్తే ఎవరినీ అడగనక్కర లేదు.

అదే చట్టంలో 102వ సెక్షన్ ఉంది. రైతు కాడ తీసుకున్న భూమిని ఏ అభివృద్ధీ చేయకుండా ఎక్కువ ధరకు ఇంకొకరికి యాజమాన్యం మారిస్తే, పెరిగిన విలువలో 40 శాతం మొదటి యజమానులకు పంచాలి. రోడ్డు గుత్తకు ఇది వర్తించదు. రోడ్డు వేయడం అభివృద్ధే, పైగా యాజమాన్యం మారలేదు, టోల్ హక్కు మాత్రమే ఇచ్చారు. సరే, వర్తించదు. కానీ ఆ సెక్షన్ వెనక ఉన్న న్యాయం ఏమిటి? ప్రజా ప్రయోజనం అని తీసుకున్న భూమి మీద తర్వాత వ్యాపారం చేస్తే, ఇచ్చినోడికి వాటా ఉండాలని. ఔటర్ కింద భూమి పోయినోళ్లకు పదిహేను, ఇరవై ఏండ్ల కింద ఎకరానికి ఇంత అని ఇచ్చి పంపారు. 7,380 కోట్లు వచ్చిన రోజు వాళ్లను ఎవరూ తలచుకోలేదు. వాళ్లలో కొందరు ఆ రోడ్డు పక్కన గేటెడ్ కాలనీల్లో వాచ్‌మన్ పని చేస్తున్నారు.

అందుకే ప్రాంతీయ రింగ్ రోడ్డు కాడ మన సంఘం అడిగేది వట్టి ధర పెంపు కాదు. ఎప్పుడు గుత్తకు ఇచ్చినా, ఏ పద్ధతిలో ఇచ్చినా, వచ్చిన మొత్తంలో నిర్ణీత వాటా భూమి పోయిన కుటుంబాలకు ఏటా పింఛను లాగ వచ్చేట్టు ఇప్పుడే జీవోగా రాయాలి. 2013 చట్టం రెండో షెడ్యూల్‌లోనే కుటుంబానికి నెలకు 2 వేల చొప్పున 20 ఏండ్లు ఇచ్చే పద్ధతి ఒకటి ఉంది, ఏటా సొమ్ము ఇవ్వడం కొత్త సంగతేం కాదు. టోల్‌కు సూచీ కట్టినట్టే దానికీ సూచీ కట్టాలి. ట్రాక్టర్లు, గొడ్లు దాటేట్టు అండర్‌పాస్‌లు, రెండు వైపులా సర్వీసు రోడ్లు ఎక్కడెక్కడ వస్తాయో, వాటిని ఎవరు చూసుకుంటారో పటం మీద గుర్తు పెట్టి గ్రామ పంచాయతీలో అంటించాలి. రోడ్డు గుత్తకు పోయాక వానకు అండర్‌పాస్‌లో నీళ్లు నిలిస్తే కంపెనీ ప్రభుత్వాన్ని చూపిస్తుంది, ప్రభుత్వం కంపెనీని చూపిస్తుంది.

ఆ వైపు చుట్టాలున్నోళ్లు ఇంటికి పోయి ఫోన్ చేయండి. నోటీసుల మీద 3ఎ, 3డి, 3జి అని ఉంటుంది, వాటి తేడా తెలియక చాలామంది సంతకాలు పెడుతున్నారు. 3ఎ ప్రకటన వచ్చాక 21 రోజుల్లోపు అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వొచ్చు, నోటితో చెబితే చెల్లదు, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోవాలి. 3డి వచ్చిందంటే భూమి ప్రభుత్వానిదైపోయినట్టే, ఇక పోట్లాట పరిహారం మీద. 3జి కింద ఇచ్చిన ధర నచ్చకపోతే ఆర్బిట్రేటర్ కాడికి పోవచ్చు, పైసలు తీసుకునేటప్పుడు నిరసనతో తీసుకుంటున్నామని రాయండి. బావులు, బోర్లు, చెట్లు, పైపులైన్ అన్నీ పంచనామాలో ఎక్కాయో లేదో చూసుకోండి, ఒక్క వేప చెట్టు కూడా విడవొద్దు. కాగితాలు అర్థం కాకపోతే పాస్‌బుక్కు, నోటీసు జిరాక్సులు తీసుకొని సంఘం కార్యాలయానికి రమ్మనండి, దగ్గర కూర్చోబెట్టుకొని చదివి చెబుతాం.